నిప్పు లేని పొగ

వేసవి యెండలు ముదురుచుండగా మన విశ్వవిద్యాలయములలో జవాబుపత్రములను దిద్దు శిబిరము మొదలగును. అధ్యాపకులు దానిని స్పాట్ అని పిలుచుకొందురు. పొడవైన గదిలో బల్లలు వరుసగా వేసియుండును. ఒక్కొక్క బల్లపై దారముతో కట్టిన పత్రముల కట్ట, దాని ప్రక్కన ఎఱ్ఱసిరా కలము, మార్కుల పట్టిక. దిద్దువాని యెదుట విద్యార్థి లేడు. అతని పేరును లేదు, సంకేతసంఖ్య మాత్రమే కలదు. ఆ సంఖ్య వెనుక నున్నది శ్రీకాకుళపు పల్లెనుండి వచ్చిన పిల్లయో, పాలమూరు రైతుబిడ్డయో దిద్దువానికి తెలియదు, తెలియరాదు కూడ. అట్లయ్యును అతడు పుటపైనున్న సిరాగుర్తులను చదివి, వానిని వ్రాసిన మనస్సులో ఏమున్నదో, ఏమి లేదో నిర్ణయించి, పదునాలుగనియో ఆరనియో అంకె వేయుచున్నాడు. ముప్పది సంవత్సరములు నేనును ఆ బల్లలయొద్ద కూర్చుంటిని. అది ఎంతటి సాహసముతో కూడిన అనుమానమో ఆనాడు నాకు తోచలేదు.

అనుమానమను మాటను ఇచట సందేహమను అర్థమునగాక తర్కశాస్త్రపు అర్థమున వాడుచున్నాను. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దమున బాలబోధకై కూర్చిన తర్కసంగ్రహమును చదివినవారికి కొండ, పొగ, నిప్పు అను ఉదాహరణము క్రొత్త కాదు. కొండమీద పొగ కనబడుచున్నది. పొగ యెచటనుండునో నిప్పచట నుండుటను మనము వంటయింట నిత్యము చూచుచున్నాము. కావున కొండమీద నిప్పున్నదని తెలిసికొందుము. ఈ యెఱుకకు ప్రాణము వ్యాప్తి, అనగా పొగకు నిప్పుతో గల తప్పని తోడు. ఆ తోడు ఒక్కచోట తెగినను అనుమానము నిలువదు. తార్కికులు దీనికి మఱియొక వైపును కూడ చూపిరి: ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది కాని పొగ లేదు, కావున పొగ కానరానంత మాత్రమున నిప్పు లేదనరాదు. ఈ రెండవ మాటను పాఠకులు జ్ఞాపకమందుంచుకొనవలెనని ప్రార్థన; దానితో ముందు పని గలదు.

వ్యాసము పొగ, అవగాహన నిప్పు. విద్యార్థి చక్కని వ్యాసము వ్రాసెను గనుక విషయము అతనికి తెలియుననుట శతాబ్దములుగా విశ్వవిద్యాలయములు చేయుచు వచ్చిన అనుమానము. ఇది ఆదినుండియు ఉన్న పద్ధతి కాదు. కేంబ్రిడ్జిలో ఒకప్పుడు పరీక్షయనగా నోటివాదమే. 18వ శతాబ్దమున అది క్రమముగా వ్రాతలోనికి దిగెను. మన దేశమున మాత్రము ఆధునిక విశ్వవిద్యాలయము వ్రాతపరీక్షగానే జన్మించినది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో, లండను విశ్వవిద్యాలయమును మాదిరిగా గొని, స్థాపింపబడిన మూడును పాఠములు చెప్పునవి కావు; కళాశాలలు చెప్పిన పాఠములపై పరీక్షలు జరిపి పట్టములిచ్చునవి. బోధన తరువాత వచ్చినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మటకూడ, చదువనగా పరీక్ష, పరీక్షయనగా పత్రము అను భావము మన యిండ్లలో చెక్కుచెదరలేదు. అందుచేత వ్రాతకు వచ్చిన ఆపద ఇతర దేశములలో బోధనలోని ఒక భాగమునకు వచ్చినదైనచో, మనకు పునాదికే వచ్చినది.

2022 నవంబరు 30వ తేదీన ఓపెన్‌ఏఐ అను అమెరికా సంస్థ చాట్‌జీపీటీ అను సంభాషణాయంత్రమును లోకమునకు విడిచెను. అంతవఱకు పరిశోధకుల గదులలోనున్న విద్య ఆ దినమునుండి సెల్‌ఫోను గల ప్రతి విద్యార్థి అఱచేతిలోనికి వచ్చెను. రెండు నెలలు తిరుగకముందే పారిస్ నగరమునందలి సియాన్స్ పో విద్యాసంస్థ, చెప్పకుండ దానిని వాడుటను నిషేధించెను. న్యూయార్కు నగరపు పాఠశాలలు 2023 జనవరిలో నిషేధించి, మే నెలలో ఆ నిషేధమును తామే ఎత్తివేసెను. ఈ తొందరపాటునకును వెనుకంజకును కారణము తెలియవలెనన్నచో ఆ యంత్రము వ్రాయు తీరు ముందు తెలియవలెను.

తెలుగువారికి దానిని తెలుపుటకు అవధానసభకంటె మంచి పోలిక నాకు దొరకలేదు. తిరుపతి వేంకటకవులు ఊరూర నడిపి ప్రచారమునకు తెచ్చిన అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులుందురు. వారిలో నిషిద్ధాక్షరి నడుపునతడు, అవధాని ఒక అక్షరము పలికినతోడనే, తరువాత నేది రాగలదో ఊహించి, అది కూడదని అడ్డగించును. అవధాని ‘శ్రీ’ అనగానే ‘రా’ రానున్నదని గుర్తించి ‘ర’ వద్దనును. అట్లు ఊహింపగలుగుటకు పృచ్ఛకునకు వేలకొలది పద్యములు నోటికి వచ్చియుండవలెను; ఏ అక్షరము వెనుక ఏది నడచుట భాషకు అలవాటో అతని చెవికి తెలిసియుండవలెను. భాషాయంత్రము సంపాదించినది ఈ పృచ్ఛకుని ఊహయే. మనుష్యుడు వేయి జన్మములెత్తినను చదువలేనంత వ్రాతను అది మథించి, ఏ తునుక వెనుక ఏ తునుక ఎంతగా రాగలదో లెక్కగట్టుట నేర్చినది. ఐతే పృచ్ఛకుడు తానూహించినదానిని నిషేధించును. యంత్రము తానూహించినదానిని వ్రాయును. రాగల తునుకలన్నిటికి తూకములు కట్టి, ఆ తూకముల చొప్పున ఒకదానిని ఏరి, చేర్చి, మరల మొదటినుండి లెక్కకట్టి, ఇట్లు తునుక తునుకగా పుటలు నింపును. 2017లో ఆశిష్ వాస్వానీ మొదలుగా ఎనిమిదిమంది, గూగుల్ సంస్థలో పనిచేయుచు, ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణమును ప్రకటించిరి. ప్రతి తునుకయు తనతోడి తునుకలలో దేనిపై ఎంత శ్రద్ధ నిలుపవలెనో లెక్కించుకొనుట దాని కీలకము. నేటి యంత్రములు చాలవఱకు ఆ చెట్టు కొమ్మలే.

తునుక యనగా మాటయు కాదు, అక్షరమును కాదు. యంత్రము తన సౌకర్యమునకై కోసికొన్న ముక్క. ఆ కోతలో మన భాషకు చాలకాలము అన్యాయము జరిగినది. 2024 మే నెలలో జీపీటీ-4ఓ అను క్రొత్త యంత్రమును వెలువరించుచు ఓపెన్‌ఏఐ సంస్థ చూపిన ఉదాహరణములో, ఆంగ్లమున 27 తునుకలైన పలుకులు తెలుగున 159 తునుకలయ్యెడివి. క్రొత్త కోతలో ఆంగ్లము 24కు, తెలుగు 45కు దిగెను. తునుకలు పెరిగినకొలది ఖర్చు పెరుగును, కాలము పెరుగును. తెలుగున ప్రశ్నించు విద్యార్థి ఆ మూల్యమును తనకు తెలియకయే చెల్లించుచుండెను.

యంత్రమునకు నిజముగా అవగాహన కలదా లేదా అను వాదములోనికి నేను దిగను. అధ్యాపకునకు కావలసినది వేఱు: కొండమీద, అనగా విద్యార్థిలో, నిప్పున్నదా యనునదియే. ఇంగ్లాండునందలి రెడింగ్ విశ్వవిద్యాలయమున పీటర్ స్కార్ఫ్, ఆయన సహచరులు ఈ ప్రశ్నను ప్రయోగముచేత పరీక్షించి 2024లో ఫలితములను ప్రకటించిరి. మనస్తత్త్వశాస్త్ర విభాగమున 33 మంది కల్పిత విద్యార్థుల పేర యంత్రము వ్రాసిన జవాబులను అసలు జవాబులలో కలిపి, దిద్దువారికి చెప్పకుండ పంపిరి. వానిలో నూటికి 94 ఎవరి కంటను పడలేదు. అంతేకాదు, సగటున అవి నిజమైన విద్యార్థుల జవాబులకంటె ఎక్కువ మార్కులు పొందినవి. చివరి సంవత్సరపు పత్రములో మాత్రము విద్యార్థులదే పైచేయి అయినది. ఆ దిద్దువారు అలసులు కారు, అజ్ఞులు కారు. వారు చూచినది పొగనే, ఎప్పటివలెనే నిప్పును అనుమానించిరి.

పొగను చూచి మోసపోయినవారు, మంచి పొగను చెడ్డ పొగను వేఱుపఱచు పనిముట్టు కావలెనని కోరుట సహజము. అట్టి శోధకయంత్రములును వచ్చినవి. వ్రాతలో మాటలు ఎంత ఊహింపదగినట్లు నడచుచున్నవో కొలుచుట వానిలో పెక్కింటికి ఆధారము. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు తన ఊహ ఫలించినపుడెల్ల ‘ఇది మనుష్యుని పద్యము కాదు’ అని కేక వేసినచో ఎట్లుండునో, ఇదియు అట్లే యుండును. పదసంపద గలవాడు ఊహకందని త్రోవలు త్రొక్కగలడు. పరభాషను కష్టపడి నేర్చి, తెలిసిన నాలుగువందల మాటలతో, తప్పు రాకూడదని భయపడుచు వ్రాయు పిల్లవాడు ఏ త్రోవ త్రొక్కును? అందఱికి తెలిసిన రాజమార్గమునే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఏడు శోధకయంత్రములకు టోఫెల్ పరీక్షకై పరభాషీయులు వ్రాసిన 91 ఆంగ్లవ్యాసములను చూపిరి. అవన్నియు మనుష్యులు వ్రాసినవే. ఐనను సగటున నూటికి 61 యంత్రరచనలని తేలినవి. అమెరికా బాలుర వ్యాసములలో అట్టి పొరపాటు దాదాపుగా లేదు. ఆ పరభాషీయుల వ్యాసములనే చాట్‌జీపీటీ చేతికిచ్చి, మాటలకు మెఱుగు పెట్టించినపుడు తప్పుడు నింద నూటికి 12 వఱకు తగ్గిపోయెను. నిజాయితీగా వ్రాసినవాడు దోషియై, యంత్రముచేత మెఱుగు పెట్టించుకొన్నవాడు నిర్దోషియైన ఈ ఫలితమును చదివిన దినమున నాకు నిద్ర పట్టలేదు. తెలుగు మాధ్యమమున ఇంటరు వఱకు చదివి నా తరగతికి వచ్చిన పిల్లల ముఖములు కన్నులయెదుట నిలిచినవి.

ఓపెన్‌ఏఐ సంస్థయే 2023 జనవరిలో ఒక శోధకమును వెలువరించెను. దాని లెక్క ప్రకారమే అది యంత్రరచనలలో నూటికి 26 మాత్రము పట్టుకొనుచు, మనుష్యరచనలలో నూటికి 9 తప్పుగా పట్టుచుండెను. వేయి వ్యాసములలో నూఱు యంత్రముచేత వ్రాయబడినవనుకొందము. ఆ నూఱింటిలో 26 దొరకును. మిగిలిన తొమ్మిదివందల మంది నిజాయితీపరులలో 81 మంది దొరుకుదురు. దొంగలని పిలిపించిన 107 మందిలో 81 మంది నిరపరాధులు! ఆఱు నెలలకే సంస్థ దానిని ఉపసంహరించుకొనెను. టర్నిటిన్ సంస్థ తన శోధకము నూటికి ఒక్కటికంటె తక్కువగా పొరపడునని ప్రకటించినపుడు, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమువారు లెక్క వేసికొనిరి: ఏటికి 75,000 పత్రములకు నూటికి ఒక్కటి చొప్పున ఇంచుమించు 750 మంది తలపై నింద పడును. 2023 ఆగస్టులో వారు దానిని నిలిపివేసిరి. నింద అంకె కాదు. చదువుకొను వయసున ఒక మనస్సుకు తగిలెడి గాయము.

ఇచట నా అనుభవమొకటి చెప్పవలెను. రెండేండ్ల క్రిందట రసాయనశాస్త్రపు ఎమ్మెస్సీ విద్యార్థి యొకడు నలువది పుటల ప్రాజెక్టు నివేదికను నాకిచ్చెను. నల్లగొండ జిల్లా పల్లెవాడు. భూగర్భజలములలోని ఫ్లోరైడును తొలగించు నల్లగొండ పద్ధతి అతని విషయము. నాగపూరునందలి నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో నీటికి సున్నము, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, కలియబెట్టి, తేర్చి, వడకట్టుదురు. నివేదికలోని ఆంగ్లము నిర్దుష్టముగా, నదీప్రవాహమువలె సాగుచుండెను. రెండు ఆధారగ్రంథములను వెదకితిని. అవి ఎక్కడను లేవు. అట్టి లేని గ్రంథములను ఉన్నట్లు పేర్కొనుట ఈ యంత్రముల అలవాటు. వైవా దినమున అతనిని ఎదుట కూర్చుండబెట్టుకొంటిని.

“సున్నం ఎందుకు కలుపుతారు బాబూ?”

“నీళ్ళు శుద్ధి కావడానికి సార్.”

“పటిక ఒక్కటే వేస్తే ఏమవుతుంది?”

మాట లేదు. చేతివ్రేళ్ళు నివేదిక అంచును నలుపుచుండెను. ‘ఇది నువ్వు రాసిందేనా’ అను మాట నా నాలుక చివఱకు వచ్చెను, ఆపుకొంటిని. ప్రశ్నను మార్చి, వారి యూరి నీళ్ళెట్లుండెడివని అడిగితిని. అతడు తల యెత్తెను.

“మా నాయినమ్మ నడుము వంగిపోయింది సార్. చేదబాయి నీళ్ళు తాగినప్పుడు గంత లేకుండెనట, బోర్లు లోతుకు పోయినంక ఎక్కువైందంటరు. ఇంట్ల బకెట్ల పటిక వేసెటోళ్ళం. పటిక ఎక్కువైతే నీళ్ళు పుల్లగయితయి. అప్పుడు మా నాయిన సున్నపుతేట పోసెటోడు, పులుపు విరిగేది.”

నేనడిగిన ప్రశ్నకు జవాబదియే. పటిక నీటిలో కరగినపుడు ఆమ్లత పెరుగును. సున్నము ఆ పులుపును విఱిచి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగు అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టెలు కట్టుటకు తగిన స్థితిని కలిగించును. నలువది పుటల పొగలో లేని నిప్పు ఈ నాలుగు మాటలలో నుండెను. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండు నా యెదుట కూర్చుండియుండగా నేను పొగకొఱకు వెదకుచుంటిని. మఱి యంత్రముచేత ఏల వ్రాయించితివని అడుగగా “నా ఇంగ్లీషు మంచిగుండదు సార్” అని తల వంచెను. ఆ తలవంపులో నా వంతు ఎంతయో, మా తరము వంతు ఎంతయో నేను లెక్కించుకొనక తప్పలేదు. విషయము తెలిసినవానిని భాష రాదని భయపెట్టితిమి; ఆ భయమును తీర్చు వస్తువు అంగడిలోనికి రాగానే అతడు దానిని కొనెను.

పరీక్షనుండి బోధనకు వచ్చినచో చిత్రము ఇంత చీకటిగా లేదు. తిన్నగా కూడ లేదు. టర్కీ దేశమున వేయిమందికి చేరువైన ఉన్నతపాఠశాల విద్యార్థులపై జరిగిన గణితప్రయోగమొకటి కలదు. కొందఱికి జీపీటీ-4 యంత్రమును ఉన్నదున్నట్లుగా ఇచ్చిరి. కొందఱికి, ఉపాధ్యాయులు సూచనలను పొందుపఱచి, జవాబు చెప్పక దారి మాత్రము చూపునట్లు కట్టడి చేసిన యంత్రమునిచ్చిరి. అభ్యాసము చేయునపుడు మొదటివారి మార్కులు నూటికి 48 వంతులు, రెండవవారివి 127 వంతులు పెరిగినవి. పిదప యంత్రమును తీసివేసి పరీక్ష పెట్టగా, మొదటివారు యంత్రమును ఎన్నడును ముట్టనివారికంటె నూటికి 17 వంతులు వెనుకబడిరి. కట్టడి గల యంత్రముతో చదివినవారికి ఆ నష్టము దాదాపుగా లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున 2023లో 194 మంది భౌతికశాస్త్ర విద్యార్థులపై చేసిన ప్రయోగమున, బోధనాసూత్రములను మనసున నుంచుకొని జాగ్రత్తగా మలచిన యంత్రముతో ఇంట చదివినవారు, మంచి తరగతిగదిలో చదివినవారికంటె రెండింతలకు మించి నేర్చిరి, అదియును తక్కువ కాలములో. ఒకే యంత్రము ఒకచోట ఊతకఱ్ఱయై కాలిని బలహీనపఱచినది, మఱియొకచోట వ్యాయామశాలయై బలపఱచినది. తేడా కట్టడిలోనున్నది, ఆ కట్టడిని ఆలోచించి చేసినవాడు ఉపాధ్యాయుడు. అధ్యాపకులు ఇక అక్కఱలేదని ఉత్సాహపడువారు ఈ రెండు ప్రయోగములను తిన్నగా చదువలేదని నా నమ్మకము.

మూల్యాంకనమును ఏమి చేయవలెనను విషయమున సిడ్నీ విశ్వవిద్యాలయమువారు రెండు దారుల విధానమును చేపట్టిరి. మొదటి దారిలో విద్యార్థి కన్నులయెదుట కూర్చుండి, యంత్రసహాయము లేక, తన యెఱుకను చూపవలెను. రెండవ దారిలో యంత్రమును నిషేధించినట్లు నటింపక, దానిని వాడుచునే నేర్చుకొనుటను ప్రోత్సహింతురు. అమెరికాలో, తరగతిలోనే చేతితో జవాబులు వ్రాయుటకైన నీలియట్టల పరీక్షాపుస్తకములు మరల అమ్ముడుపోవుచున్నవి. నాకు మిక్కిలి నచ్చినది నోటిపరీక్ష. అవధానసభలో అప్రస్తుతప్రసంగము చేయువాడు ఎటునుండి వచ్చి ఏమడుగునో అవధానికి తెలియదు. అచట ఎరువు సరకు చెల్లదు. మా విద్యార్థి నిప్పు బయటపడినది అట్టి అప్రస్తుతప్రసంగము వలననే.

ఐనను దీని భారమును దాచిపెట్టరాదు. తరగతిలో అరువదిమందియున్నచో ఒక్కొక్కనికి పండ్రెండు నిమిషముల చొప్పున పండ్రెండు గంటలు పట్టును, అదియు ఒక్క విషయమునకే. అధ్యాపకుల ఖాళీలు ఏండ్ల తరబడి నింపబడని కళాశాలలలో, గంటకింత యని జీతము పుచ్చుకొను అతిథి అధ్యాపకునకు ఈ పండ్రెండు గంటలు ఎవరిత్తురు? నోటిపరీక్షలో మొగమోటము, పక్షపాతము, కులము, యాస చొరబడు ప్రమాదము కలదు. పేరు లేని పత్రము పేదవానికి ఇచ్చిన రక్షణ చిన్నది కాదు. అందుచేత వ్రాతను విడువుమని నేననను. వ్రాసిన కాగితముతోపాటు వ్రాయుచున్న మనుష్యుని కూడ చూడుడనుచున్నాను: చిత్తుప్రతి, కొట్టివేతలు, ప్రయోగశాల పుస్తకములోని తారీఖులు, పది నిమిషముల సంభాషణ.

ఆ విద్యార్థికి నేను మార్కులు వేయలేదు; పది దినముల గడువిచ్చి, తెలుగున చిత్తుప్రతి వ్రాసి తెమ్మంటిని. పదునొకండు పుటలు తెచ్చెను. అక్షరములు వంకరగా నున్నవి. సున్నపుతేట సంగతి రెండవ పుటలోనే యుండెను. చదువుట ముగించి కలము తీయబోవుచుండగా అతడే అడిగెను:

“సార్, అడుగున పేరిన మడ్డి ఎక్కడ పొయ్యాలె? మా నాయిన ఇంటెనక పారబోసెటోడు. అందులున్న ఫ్లోరైడు మళ్ళ బాయిలకే పోదా?”

ఆ ప్రశ్న మొదటి నివేదికలోని నలువది పుటలలో లేదు. కలము మూసి, ఆదివారము ఊరికి పోయి, పాత బోరునీటిలో పటికయు సున్నమును కలిపి, అడుగున దిగిన మడ్డిని సీసాలో తెమ్మని చెప్పితిని. సోమవారము ఉదయము నేను ప్రయోగశాల తాళము తీయుసరికి అతడు గుమ్మముకడ నిలిచియుండెను. చేతిలో తెల్లని మడ్డి అడుగంటిన సీసా యుండెను. ఫ్లోరైడును కొలుచు ఎలక్ట్రోడును కడిగి అతని చేతికిచ్చితిని.